సాంచాలు ఆగిన గురువారం

జోడ్‌భావి పేట్, సోలాపూర్
30 జులై 1989, ఆదివారం

బిడ్డా గోదావరీ, మీ అమ్మకు ఇల్లొచ్చింది!

ముందు ఈ ముక్క రాసి, ఆ తర్వాతే ఊపిరి పీల్చుకున్నాను. దీవెనలు పైన రాయాల్సింది, సంబరంలో మర్చిపోయాను. ఇక్కడ తీసుకో: నీకూ, అల్లుడు సిద్ధరాములుకూ, పిల్లలకూ నిండు నూరేళ్ళు.

బీడీ కార్మికుల కాలనీలో ఇంటి కోసం మీ అమ్మ పేరు ఇచ్చిన సంగతి నీకు గుర్తుందా? మేమైతే ఇచ్చామన్న మాటే మర్చిపోయాం. నిన్న బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోతే గోడ మీద పేర్లు అంటించి ఉన్నాయట. "యమునాబాయి నర్సప్ప" అని. పెళ్ళయినప్పటి నుంచీ ఆమె పేరు నా వెనక నడిచింది, ఇప్పుడు నా పేరు ఆమె వెనక నిలబడింది. నాకేం బాధ లేదు. వెనక నిలబడితే ఎండ తగలదు.

రెండు గదులు, ముందర వాకిలి, గాలి వచ్చే కిటికీ. ఆ కిటికీ అవతల ఇంకొకరి గోడ లేదట, బిడ్డా! కిటికీ తీస్తే ఆకాశం కనిపించే భాగ్యం మన వంశంలో మీ అమ్మతోనే మొదలు. ఆమె దగ్గుకు డాక్టరు చెప్పిన మందు కూడా ఇదే కదా, ఈ దూది దుమ్ములోంచి బయటపడమని. ఆ మందు ఏ దుకాణంలోనూ దొరకలేదు. ఇన్నాళ్ళకు దొరికింది.

ఒక్కటే మెలిక. దసరాలోపు మన వంతు డబ్బు కట్టాలి. లేకపోతే ఆ ఇల్లు తర్వాతి పేరుకు పోతుంది. అందుకని మనం ఉంటున్న ఈ ఇల్లు అమ్మేయాలి. ఆ పని దలాల్ గంగాధర్ చేతిలో పెట్టాను. గంగాధర్ అంటే కొంతం చౌక్‌లో అందరికీ తెలుసు. తెలిసినవాళ్ళు అతను కనబడితే సందు తిరిగి పోతారు, అది వేరే సంగతి. ఇల్లంతా ముక్కు మూసుకొని తిరిగి చూసి, "నర్సప్ప మామా, ఇల్లమ్ముడంటే పిల్లను చూపిచ్చుడు లెక్క. ఉన్నది ఉన్నట్టు చూపిస్తే ఎవడన్న జేసుకుంటడా?" అన్నాడు.

లోపల్నుంచి మీ అమ్మ, "నిజమే బాబూ. ఈయన్ను ఉన్నది ఉన్నట్టు చూపిచ్చి ఉంటే నేను జేసుకుందునా?" అంది.

నేను నవ్వేశాను. ఇల్లొచ్చిన మనిషి ఏమన్నా అనొచ్చు.

కాబట్టి ఇల్లు ముస్తాబవుతోంది. గోడలకు ఆకాశం రంగు సున్నం కొట్టిస్తున్నాను. ముందరి గదిలో మగ్గం గుంత ఉంది కదా, మగ్గం తీసేసి ఎన్నేళ్ళయినా, కాళ్ళు దించుకొని నేసిన ఆ గుంత అట్లాగే ఉంది. మీ అమ్మ అందులో ఉల్లిగడ్డలు పోస్తుంది. గంగాధర్ దాన్ని చూసి, "ఇది చూసిన్రంటే గిరాకీ పారిపోతరు" అన్నాడు. దాని మీద పలకలు పరిచి, మండపాలవాళ్ళ దగ్గర సోఫా కిరాయికి తెచ్చి వేశాను. ఎర్ర మఖ్‌మల్ది, పెళ్ళికొడుకులు కూర్చునేది. మీ అమ్మ మాత్రం దాని మీద కూర్చోదు. "రెండోపారి లగ్గం నాకొద్దు" అంటుంది.

అమ్మ సంతోషం చూడటానికి నువ్విక్కడ లేవు. పైకి చూపించడం లేదు కానీ నిన్న బీడీలు చుడుతూ దారం కట్టడం మర్చిపోయింది.

ఇట్లు, యమునాబాయి ఇంట్లో ఉండబోయే
మీ నాయన నర్సప్ప


భివండీ
6 ఆగస్టు 1989

నాయనా,

అమ్మకు ఇల్లొచ్చిందని చదివి ఏడ్చాను. సోఫా సంగతి చదివి కళ్ళు తుడుచుకున్నాను.

నా పెళ్ళప్పుడు గోడలకు సున్నం కొట్టించమని ఎంత మొత్తుకున్నాను! "సున్నం గోడను తింటది బిడ్డా" అన్నావు. మా అత్తగారు మసి గోడకు ఆనుకొని కూర్చుని, ఆ మరక ఉన్న చీరను ఇప్పటికీ పండగ పండగకూ బయటికి తీసి నాకు చూపిస్తుంది. ఇప్పుడు ముఖమైనా తెలియని మనిషి కోసం ఆకాశం రంగా? బాగుంది. వచ్చే జన్మలో నీకు బిడ్డగా పుట్టను, గిరాకీగా పుడతాను.

ఆ పలకలు పుచ్చినవి కావు కదా? కొనేవాడు సోఫాతో సహా గుంతలోకి దిగిపోతే ఉల్లిగడ్డలతో కలిపి తూకానికి అమ్మాల్సి వస్తుంది.

అయినా ఇన్ని చేస్తున్నావు, అసలుది మర్చిపోయావు. మన గోడకు ఆనుకొని మల్లప్ప కాక సాంచాలు లేవా? ఆ కరెంటు మగ్గాల దడదడలో మీ గంగాధర్ చెప్పే అబద్ధాలు గిరాకీ చెవిన ఎట్లా పడతాయి, పాపం? ఒక పని చెయ్యి. గల్లీ అంతా తిరిగి, గడ్డం పట్టుకొని బతిమాలి, ఆ పూటకు అందరి సాంచాలూ బంద్ చేయించు. తంబాకు వాసన పోయేదాకా ఊదు పొగ వెయ్యి. పొయ్యి అసలే ముట్టించకు, ఆకాశానికి మసి పడుతుంది. గల్లీ ఆడవాళ్ళను వాకిట్లో వరసగా కూర్చోబెట్టు, గిరాకీ దర్జా పెరుగుతుంది. అందరినీ గుసగుసగా మాట్లాడమను. ఇంక ఇల్లు ఎందుకు అమ్ముడుపోదో చూద్దాం!

నా మాట వింటే ఉన్నది ఉన్నట్టు చూపించు. వాన పడితే కారే మూల కూడా చూపించు. అమ్మ ఇల్లు చేయి దాటిపోవద్దు, నాకు కావలసింది అంతే. ఫోను చేసి మాట్లాడినప్పుడల్లా అమ్మ దగ్గే ముందు వినిపిస్తోంది, తర్వాతే మాట.

మీ బిడ్డ
గోదావరి


జోడ్‌భావి పేట్
22 ఆగస్టు 1989, మంగళవారం

బిడ్డా, గిరాకీ కుదిరింది! ఎల్లుండి గురువారం సాయంత్రం ఇల్లు చూడటానికి వస్తున్నాడు!

నీ ఉత్తరం గంగాధర్‌కు చదివి వినిపించాను. మధ్యలో నీ అత్తగారి చీర సంగతి వదిలేశాను. అతను తొడ చరిచి, "మామా, నీ బిడ్డ మొగపిల్లగాడైతే నా దుకాణం మూసుకుందును" అన్నాడు. ఏడో తరగతి దాకా చదివించడం ఊరికే పోలేదు. నీ సలహా బంగారం, తల్లీ, బంగారం! ఒక్కొక్కటీ నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను.

మల్లప్పతో నాకు మాటల్లేవు కదా, వాడు మన గోడలో మేకు కొట్టినప్పటి నుంచి. అయినా నూలు పున్నమ నాడు స్వామి రథం ఊరేగింపులో పక్కపక్కనే నడవాల్సి వచ్చింది. మార్కండేయ స్వామి సాక్షిగా నేనే ముందు నోరు తెరిచాను. గురువారం ఒక గంట సాంచాలు ఆపమన్నాను.

వాడు నన్ను కింది నుంచి మీదికి చూసి, "ఎవరు పోయిన్రు?" అన్నాడు.

"ఎవరూ పోలేదురా, ఇల్లు చూడనీకి వస్తున్నరు."

"నర్సప్పన్నా, ఈ గల్లీల పీనుగ లేస్తే తప్ప సాంచా ఆగదు. అది మన తాత నాటి నుంచి రివాజు. ఇల్లమ్ముకుంటందుకు ఆపుమన్నోన్ని నిన్నే చూసిన."

"యమునకు కిటికీ ఉన్న ఇల్లొచ్చింది మల్లప్పా" అన్నాను. అంతే అన్నాను. వాడు కాసేపు రథం వంక చూశాడు. "వదినె రాత్రి దగ్గితే గోడ ఇవతలికి ఇనబడతది. గంట కాదు, పొద్దు మునిగేదాక ఆపుత. మేకు మాత్రం తియ్య" అన్నాడు.

ఆ తర్వాత గల్లీలో ఇంటింటికీ తనే తిరిగి అందరినీ ఒప్పించాడు! సిగ్గుతో చచ్చాను, సంతోషంతో మళ్ళీ లేచాను.

కొనే మనిషి పేరు పెంటయ్య. మనవాడే, అశోక్ చౌక్‌లో ఉంటాడు. మిల్లులో పనిచేసి మానుకున్నాడు. పోయిన చలికాలం తల్లి చనిపోయిందట. అప్పటి నుంచి ఆ ఇంట్లో మనసు నిలవక ఇల్లు వెతుక్కుంటున్నాడు. నెమ్మదైన మనిషి, ఎక్కువ మాట్లాడడు అని గంగాధర్ చెప్పాడు. గంగాధర్ ఉన్నచోట ఎవరికైనా మాట్లాడే వీలుంటుందా అన్నది నా అనుమానం.

ఎల్లుండి పొద్దుటి నుంచి పొయ్యి ముట్టించం. ఊదు పొగ ఇంటి నిండా. గల్లీలోని మల్లమ్మ, తక్కిన ఆడవాళ్ళు వాకిట్లో కూర్చుంటారు. తంబాకు చాటతో సహా మీ అమ్మను ఎదురింటికి పంపిస్తున్నాను. "నా ఇల్లు చూపిచ్చుడుకు నేనే అడ్డమా?" అంది. అడ్డమే మరి. నేనూ గంగాధర్ మెడలో తువ్వాలు వేసుకొని అరుగు మీద తలలు వంచుకొని కూర్చుంటాం, వినయంగా కనబడాలని. పిల్లలకు కూడా చెప్పాను, అరిస్తే వీపు పగులుతుందని.

గల్లీ చూస్తే గిరాకీకి నోట మాట రాకూడదు!

ఇట్లు, నీ సలహాల మీద బతుకుతున్న
నాయన నర్సప్ప


భివండీ
26 ఆగస్టు 1989, శనివారం

నాయనా,

నువ్వు చచ్చిపోయావని పొద్దున తెలిసింది.

మా ఆయన పనిచేసే కార్ఖానాలో సాయిలు ఉన్నాడు కదా, సోలాపూర్ పోయి రాత్రి బండికి తిరిగొచ్చాడు. తెల్లవారక ముందే తలుపు కొట్టి, నా ముఖం చూడకుండా మా ఆయనను పక్కకు పిలిచాడు. అశోక్ చౌక్‌లో అందరూ అనుకుంటున్నారట. ఎవరో పెంటయ్య అని, ఏదో పని మీద మన గల్లీకి పోయి మూల మీదే ఆగిపోయాడట. ఒక్క సాంచా ఆడటం లేదు. ఇంట్లోంచి ఊదు పొగ. వాకిట్లో వరసగా ఆడవాళ్ళు, అరుగు మీద తల వంచుకున్న మొగవాళ్ళు. పొయ్యి పొగ లేదు. "ఎవరిల్లు?" అని అడిగితే ఒక పిల్ల గుసగుసగా "నర్సప్ప తాతది" అన్నదట. అతను టోపీ తీసి, చెప్పులు విడిచి, అక్కడి నుంచే దండం పెట్టి వెళ్ళిపోయాడట.

నేనెట్లా ఏడ్చానో రాయను. రాస్తే నీకు గర్వం ఎక్కువవుతుంది.

ఇక్కడి కార్ఖానాలో మనవాళ్ళంతా సాంచాలు ఆపి వచ్చారు, నాయనా. నువ్వెవరో ముఖం కూడా తెలియనివాళ్ళు. మా అత్తగారు, ఆ మరక చీర అత్తగారే, నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుంది. మూట కట్టుకొని బండికి బయలుదేరబోతుంటే పోస్టువాడు వచ్చి చేతిలో ఉత్తరం పెట్టాడు. నీ రాత. "బిడ్డా, గిరాకీ కుదిరింది!"

చచ్చినవాడు రాసిన ఉత్తరమనుకొని గుండెకు హత్తుకొని చదవడం మొదలుపెట్టాను. ఊదు దగ్గరికి వచ్చేసరికి ఏడుపు ఆగింది. తువ్వాలు దగ్గరికి వచ్చేసరికి కోపం వచ్చింది. మా ఆయన పరుగెత్తి పోయి కొంతం చౌక్ సోడా దుకాణానికి ఫోను చేశాడు. అవతలివాడు, "నర్సప్పనా? ఇగో గిప్పుడే గోలీ సోడా తాగి తేన్పుకుంట పోయిండు. పిలువాల్నా?" అన్నాడట.

తేన్పుకుంటూ!

నాయనా, నేను రాసింది సలహా కాదు, ఎత్తిపొడుపు. నీకు అది అర్థం కాదని ఇన్నేళ్ళయినా నాకు అర్థం కాకపోవడం నా తప్పే. ఇకమీదట ఎత్తిపొడిచినప్పుడల్లా పక్కన గంట గుర్తు వేస్తాను.

పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నేను తండ్రి లేనిదాన్ని. ఆ పూట ఎట్లా ఉంటుందో నాకు తెలిసిపోయింది. అందుకే తిట్లు సగంలో ఆపుతున్నాను.

పీనుగ లేచిన ఇంటిని ఇప్పుడెవరు కొంటారు? అమ్మ కిటికీ ఏం కావాలి? వెంటనే రాయి.

గోదావరి


జోడ్‌భావి పేట్
30 ఆగస్టు 1989, బుధవారం

బిడ్డా, ఇల్లు అమ్ముడుపోయింది! నేను బతికే ఉన్నాను!

ఈ రెండింట్లో మొదటిదే పెద్ద సంగతని మీ అమ్మ అంటుంది. నువ్వు ఏడ్చావని చదివి నాకు ఏడుపొచ్చింది, ఆ వెంటనే సంతోషం కూడా వచ్చింది. తిట్టుకో, పడతాను.

గురువారం సంగతి చెబుతాను. సాయంత్రం మల్లప్ప చేయి ఊపాడు, సాంచాలన్నీ ఒక్కటొక్కటిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం ఎట్లా ఉంటుందో నీకు తెలియదు, నాకూ తెలియదు. పీనుగలు లేచిన రోజుల్లో ఏడుపులుండేవి, ఆ రోజు అవీ లేవు. ఎదురింట్లో మీ అమ్మ దగ్గింది. ఆగలేదు. ఇంకా దగ్గుతూనే ఉంది. ఆమె పక్కనే పడుకునే మనిషిని, బిడ్డా, ఆ దగ్గు మొత్తంగా నేనెప్పుడూ వినలేదు. సాంచాల చప్పుడు సగం తినేసేది, మిగిలిన సగం నా గురక తినేసేది. వాకిట్లో ఆడవాళ్ళు తలలు వంచుకున్నారు. గిరాకీ నచ్చినంతే ఇవ్వనీ, ఉత్త చేతులతో వచ్చినా ఇచ్చేద్దామనిపించింది. తీరా గిరాకీ రానే లేదు. దీపాలు పెట్టేదాకా చూసి, గంగాధర్ తువ్వాలు దులుపుకొని, "కిస్మత్ మామా" అని లేచిపోయాడు.

మర్నాడు సోఫా తిరిగిచ్చేశాను. పలకలు తీస్తే ఉల్లిగడ్డలు మొలకలెత్తి ఉన్నాయి. మీ అమ్మ ముందరి గదిలో చాట ముందేసుకొని బీడీలు చుడుతోంది. మల్లప్ప గురువారం పోయిన పని కూడా కలిపి ఆడిస్తున్నాడు, గోడ అదురుతోంది. ఎవరో తలుపు కొట్టారు. తీశాను. తెల్లటోపీ చేతిలో పట్టుకొని, డబ్బా పట్టుకొని ఒక పెద్దమనిషి.

"నర్సప్ప ఇల్లు ఇదేనా?"

"ఇదే."

"ఇంట్ల పెద్దోళ్ళెవరన్న ఉన్నరా? నర్సప్ప పోయిండని…"

"ఎక్కడికి?" అన్నాను.

"మరి నువ్వెవరు?"

"నర్సప్పను."

ఆయన గడప మీదే కూలబడ్డాడు. లోపల్నుంచి మీ అమ్మ, "పోయినోడైతే పొద్దున నాలుగు రొట్టెలు తింటడా? ఆ డబ్బా ఇటియ్యిండ్రి" అంది. పొయ్యి ముట్టించని ఇంటికని పెంటయ్య పెళ్ళాం పంపిన శనగపిండి పిఠ్ల, కడక్ జొన్నరొట్టెలు. నా చావు రొట్టె నేనే తిన్నాను, బిడ్డా. ఉప్పు తక్కువైంది. బాధలో ఉప్పు ఎవరికీ సరిగ్గా పడదు.

జరిగిందంతా దాచకుండా చెప్పేశాను. కోపం చేస్తాడనుకున్నాను. ఆయన లోపలికి వచ్చి, కూర్చోవడానికి చోటు వెతికి, తెలియకుండానే మగ్గం గుంతలో కాళ్ళు దించి కూర్చున్నాడు. ఉల్లిగడ్డల మీదే. ఎప్పుడో చిన్నప్పుడు తండ్రి పక్కన అట్లాగే కూర్చునేవాడట. మీ అమ్మ నీ మాట పట్టుకొని వాన కారే మూల చూపించింది, వాకిట్లో పగిలిన బండరాయి చూపించింది, మల్లప్ప మేకు చూపించింది. నన్ను కూడా చూపించేదే, ఆయన ముందే చూసేశాడు కాబట్టి వదిలింది.

వెళ్ళే ముందు ఆయన అన్న మాట రాస్తున్నాను. "మా అమ్మ పోయిననాడు మా గల్లీల ఒక్క సాంచా ఆగలే. పాడె ముంగట డప్పు ఇనబడలే, సాంచాల సప్పుడే ఇనబడ్డది. నిన్న మీ మూల మీద నిలబడి చూసిన. గల్లీ గల్లంత ఊపిరి బిగవట్టింది. ఈడ ఉండాలె అనుకున్న."

"అది ఉత్తదే పెంటయ్యా. నీ కోసమని నేనే అడిగి ఆపిచ్చిన" అన్నాను.

"బతికున్నోడు అడిగితే ఆపినోళ్ళు, సస్తే ఆపరా?" అన్నాడు.

మొన్న సోమవారం బయానా ఇచ్చాడు. దసరాకు ముందే మీ అమ్మ కిటికీ తీస్తుంది. ఇల్లు అమ్మింది తానేనని గంగాధర్ ఊరంతా చెప్పుకుంటున్నాడు, చెప్పుకోనీ.

సాయంత్రం మల్లప్పకు పేడాలు ఇవ్వడానికి పోయాను. నోట్లో వేసుకొని, "నర్సప్పన్నా, నీ కోసం ఒకపారి ఆపినం. ఇగ నీ వంతు అయిపోయింది. మళ్ళ సచ్చినప్పుడు అడుగొద్దు" అన్నాడు. "కాలనీల సాంచాలే ఉండవు గదరా, ఎవర్ని అడగాలె?" అన్నాను, నవ్వుతూనే అన్నాను. వాడు నవ్వలేదు. పేడా మింగి, "నీ ఇంటోళ్ళను సైకిల్ మీద ఒకన్ని పంపిచ్చుమను. ఈడ ఆపుతం" అని లోపలికి పోయి సాంచా వేశాడు. రాత్రి పడుకొని గోడ అవతలి చప్పుడు చాలాసేపు విన్నాను. ఎంత మంది విన్నారమ్మా, తమ కోసం గల్లీ ఆగడం? నేను విన్నాను. అరుగు మీద కూర్చొని, తువ్వాలు వేసుకొని మరీ విన్నాను.

నా చావు కబురు ఊళ్ళు దాటి చుట్టాలందరికీ చేరిందట. ఇప్పుడు నువ్వు ఆలస్యం చేయకుండా కబురు పంపాల్సినవాళ్ళు:

సిరిసిల్లలో మీ మేనత్త బాలమణి. విని తలస్నానం చేసే ఉంటుంది, చన్నీళ్ళు పోసుకున్నందుకు నన్ను తిట్టొద్దని చెప్పు.

సూరత్‌లో మీ చిన్నాయన లింగయ్య. గుండు చేయించుకున్నాడేమో ముందు కనుక్కో. చేయించుకుని ఉంటే వెంట్రుకలు వచ్చాక చెబుదాం.

మీ అత్తగారు. నిన్ను ఒళ్ళో పడుకోబెట్టుకున్నందుకు దండం పెట్టానని చెప్పు. కాలనీ ఇంటి గోడలకు కొత్త సున్నమే, ఏ చీరతోనైనా ఆనుకోవచ్చు.

భివండీ కార్ఖానాలో సాంచాలు ఆపినవాళ్ళందరూ. వాళ్ళు నాకు చుట్టాలు కారన్న మాట ఇక ఎవరూ అనొద్దు.

సాయిలు. వాణ్ణి ఏమీ అనకు, చూసినవాళ్ళు చెప్పిందే చెప్పాడు.

చివరికి మీ పెద్దమ్మ నర్సమ్మ. ఆమెకు ఇల్లు అమ్మిన సంగతి ఒక్కటే చెప్పు. నేను పోయానని విని "పాపం, మంచోడు" అన్నదట. బతికుండగా ఆ మాట ఆమె నోట నేనెన్నడూ వినలేదు. దీపావళి దాకా నన్ను అట్లాగే ఉండనీ.

మీ నాయన
నర్సప్ప